ఆపరేషన్ తర్వాత పెద్దపేగు క్యాన్సర్ తిరగబెడుతుందా? ముప్పు లెక్క ఏం చెబుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ బాగా జరిగింది, గడ్డ మొత్తం తీసేశాం, అంచుల్లో ఏమీ మిగల్లేదు అని సర్జన్ చెప్పాక ఇంటిల్లిపాదీ అడిగేది ఒకటే: మళ్లీ వస్తుందా? ఈ మాటలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఇక ఏ మందూ ఇవ్వకుండా వదిలేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంత అన్నది మొదటిది. కీమో ఇస్తే ఆ అవకాశం ఎంత తగ్గుతుంది అన్నది రెండోది. మొదటిదానికి జవాబు దొరికితే రెండోదానికీ దొరికినట్టే అనిపిస్తుంది. అవి వేర్వేరని ముప్పై ఏళ్లకు పైగా సాగిన పరిశోధన పదే పదే చూపించింది. ముప్పు ఎక్కువున్నవాళ్లలో అందరికీ మందు పనిచేస్తుందని లేదు. ముప్పు తక్కువని తేలినవాళ్లలోనూ కొందరికి జబ్బు తిరిగి వస్తుంది. కొత్త పరీక్ష ఏది వచ్చినా, అది ఈ రెండు ప్రశ్నల్లో దేనికి జవాబు చెబుతోందని ముందుగా అడగాలి.

గడ్డ పూర్తిగా తీసేసినా జబ్బు తిరగబెట్టడానికి కారణం, ఆపరేషన్ నాటికే కొన్ని కణాలు పేగు దాటి వెళ్లిపోయి ఉండటం. స్కాన్‌లో కనిపించాలంటే అవి కొన్ని మిల్లీమీటర్ల ముద్దగా ఎదగాలి. అంతకన్నా చిన్న గుంపులు కాలేయంలోనో, ఊపిరితిత్తుల్లోనో, పొట్ట లోపలి పొర మీదో ఉంటే ఏ స్కానూ పట్టుకోలేదు. పెద్దపేగు నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర గుండా ముందు కాలేయానికి చేరుతుంది కాబట్టి జబ్బు ఎక్కువగా అక్కడే బయటపడుతుంది. మలాశయం కింది భాగం నుంచి కొంత రక్తం కాలేయంతో పని లేకుండా నేరుగా గుండె వైపు వెళుతుంది. అందుకే ఆ భాగంలో వచ్చిన క్యాన్సర్లు ఊపిరితిత్తుల్లో తేలడం ఎక్కువ. తిరగబెట్టేవాటిలో దాదాపు 80 శాతం మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి. ఐదేళ్లు దాటాక కొత్తగా తేలేవి చాలా తక్కువ.

పాథాలజీ రిపోర్టు చదవడం తెలిస్తే

1932లో లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి పాథాలజిస్టు కత్‌బర్ట్ డ్యూక్స్ మలాశయ క్యాన్సర్లను మూడు తరగతులు చేశారు. గడ్డ పేగు గోడలోనే ఉంటే ఏ, గోడ దాటితే బీ, లింఫ్ గ్రంథులకు చేరితే సీ. ఇప్పుడు ప్రపంచమంతా వాడే టీఎన్‌ఎం పద్ధతి దీనికన్నా చాలా వివరమైనదే గానీ మూలసూత్రం అదే. గోడలో ఎంత లోతుకి దిగింది (టీ), ఎన్ని గ్రంథులకు పాకింది (ఎన్), దూరపు అవయవాలకు చేరిందా (ఎం) అన్న మూడు విషయాల మీదే స్టేజ్ తేలుతుంది. గ్రంథులకు పాకకపోతే లోతును బట్టి స్టేజ్ 1 లేదా 2, పాకితే స్టేజ్ 3, దూరపు అవయవాలకు చేరితే స్టేజ్ 4. ఇన్ని దశాబ్దాల తర్వాత, ఇన్ని జన్యు పరీక్షలు వచ్చాక కూడా, ముప్పును అంచనా వేయడంలో స్టేజ్‌ను పక్కకు నెట్టగలిగిన పరీక్ష ఏదీ రాలేదు. వచ్చినవన్నీ దానికి తోడుగా వచ్చినవే.

ఆ స్టేజ్ ఎలా తేలుతుందో దగ్గరగా చూస్తే దాని బలం, బలహీనత రెండూ అర్థమవుతాయి. కోసి తీసిన పేగు ముక్క ఫార్మలిన్‌లో పాథాలజీ విభాగానికి వస్తుంది. పేగుని అంటిపెట్టుకుని పసుపుపచ్చటి కొవ్వు ఉంటుంది. లింఫ్ గ్రంథులు ఆ కొవ్వులోనే దాగి ఉంటాయి. కొన్ని చూడగానే తెలుస్తాయి, కొన్ని రెండు మూడు మిల్లీమీటర్లకు మించవు. పాథాలజిస్టు ఆ కొవ్వును పల్చటి ముక్కలుగా కోస్తూ, వేళ్లతో నలిపి చూస్తూ, గట్టిగా తగిలినదాన్నల్లా ఏరి పక్కన పెడతారు. ఓపికతో, కంటిచూపుతో, వేళ్ల స్పర్శతో చేయాల్సిన పని ఇది. ఆ గ్రంథులన్నిటినీ మైనంలో బిగించి, పల్చటి పొరలు కోసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. కనీసం 12 గ్రంథులు చూడాలన్నది అంతర్జాతీయంగా అందరూ ఒప్పుకున్న కొలమానం.

ఈ 12 అనే అంకె వెనక ఒక కారణం ఉంది. ఒక రిపోర్టులో ఐదు గ్రంథులు చూశాం, ఒక్కదానిలోనూ క్యాన్సర్ లేదు అని ఉందనుకుందాం. ఇంకో రిపోర్టులో 22 చూశాం, ఒక్కదానిలోనూ లేదు అని ఉంది. కాగితం మీద ఇద్దరిదీ స్టేజ్ 2. మొదటి వ్యక్తి విషయంలో మాత్రం ఆరో గ్రంథిలోనో పదో గ్రంథిలోనో క్యాన్సర్ ఉండి, ఎవరి కంటా పడకుండా పోయి ఉండవచ్చు. అందుకే 12 కన్నా తక్కువ గ్రంథులు చూసిన స్టేజ్ 2ను ముప్పు ఎక్కువున్నదిగా పరిగణిస్తారు. ఆ ముప్పులో కొంత జబ్బుది, కొంత సరిగ్గా వెతకకపోవడానిది. ఆపరేషన్‌కి ముందు రేడియేషన్ తీసుకున్న మలాశయ క్యాన్సర్ రోగుల్లో గ్రంథులు కుంచించుకుపోయి తక్కువ దొరకడం మామూలే. వాళ్ల రిపోర్టును అది గుర్తుంచుకుని చదవాలి.

స్టేజ్ నంబరు పెరిగే కొద్దీ ముప్పు పెరుగుతుందన్న మాట కూడా అన్నిచోట్లా నిజం కాదు. అమెరికా జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ సమాచారంతో 2004లో వెలువడిన విశ్లేషణలో స్టేజ్ 2బీ పెద్దపేగు క్యాన్సర్ రోగుల ఐదేళ్ల మనుగడ 72.2 శాతం ఉంటే, స్టేజ్ 3ఏ వాళ్లది 83.4 శాతం. గడ్డ పేగు గోడను పూర్తిగా చీల్చుకుని బయటికొచ్చిన టీ4 దశ, గ్రంథులు శుభ్రంగా ఉన్నా ప్రమాదకరమే. గడ్డ లోతుకు పోకుండా ఒకటి రెండు గ్రంథులకు మాత్రం పాకితే పరిస్థితి దానికన్నా మెరుగ్గా ఉండవచ్చు. స్టేజ్ 3 వాళ్లకు కీమో ఇవ్వడం అప్పటికే రివాజు కావడం కూడా ఈ తేడాలో కొంత భాగం కావచ్చు. ఏదేమైనా స్టేజ్ 2 అన్న ఒక్క మాట విని ఊపిరి పీల్చుకోకుండా టీ పక్కన ఏ అంకె ఉందో చూడాలి.

రిపోర్టులో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. క్యాన్సర్ కణాలు రక్తనాళాల్లోకి గానీ నరాల చుట్టూ గానీ చేరాయా, కణాల తీరు మరీ అస్తవ్యస్తంగా ఉందా, గడ్డ అంచున కణాలు చిన్న చిన్న గుంపులుగా విడిపోతున్నాయా, పేగు మూసుకుపోయో చిల్లుపడో అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చిందా అన్నవి. వీటిలో ఏది ఉన్నా ముప్పు పెరుగుతుంది.

మలాశయ క్యాన్సర్ విషయంలో సర్జన్ చేయి కూడా ఈ లెక్కలో భాగమే. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో బిల్ హీల్డ్ మలాశయాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వు సంచితో సహా, ఆ సంచి పొర చిరగకుండా తీసే పద్ధతిని 1982లో వివరించారు. అంతకు ముందు ఆపరేషన్ చేసిన చోటే జబ్బు తిరగబెట్టడం చాలా ఎక్కువగా ఉండేది. ఈ పద్ధతి వ్యాపించిన దేశాల్లో అది బాగా తగ్గిపోయింది. అందుకే రిపోర్టులో చుట్టు అంచు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో రాయడం తప్పనిసరి. ఒక మిల్లీమీటరు లేదా అంతకన్నా దగ్గర అయితే ఆ అంచు శుభ్రంగా లేనట్టే లెక్క.

ఆ శాతం ఎవరిది

కీమో వల్ల లాభం ఎంతన్న దానికి స్టేజ్ 2లో మంచి ఆధారం బ్రిటన్ నుంచి 2007లో వచ్చిన క్వేజార్ ట్రయల్. 3,239 మంది పాల్గొన్నారు, వాళ్లలో 91 శాతం స్టేజ్ 2 వాళ్లే. ఆపరేషన్ తర్వాత ఫ్లోరోయురాసిల్ కీమో ఇచ్చినప్పుడు, ఐదేళ్ల మరణాల రేటు మందు లేకుండా 20 శాతం ఉంటుందనుకుంటే, నూటికి సుమారు 3.6 మంది అదనంగా బతుకుతారని తేలింది. మందు లేకపోయినా 80 మంది బతికేవాళ్లే. మందు తీసుకున్నా 16 మందికి పైగా దక్కలేదు. ముగ్గురు నలుగురి కోసం వంద మందీ కీమో తీసుకున్నట్టు. ఆ ముగ్గురు నలుగురు ఎవరో ముందుగా చెప్పగలిగితే చాలు. ముప్పు అంచనా పరిశోధన అంతా దీని చుట్టూనే తిరుగుతోంది.

డాక్టర్ 15 శాతం ముప్పు ఉందంటే వినేవాళ్లకు తమ ఒంట్లో 15 శాతం జబ్బు మిగిలినట్టు వినిపిస్తుంది. ఒక మనిషికి జబ్బు తిరగబెడుతుంది, లేదా తిరగబెట్టదు. అదే లక్షణాలున్న వంద మందిని వరుసగా గమనిస్తే పదిహేను మందికి వస్తుందన్నదే ఆ అంకెకు అర్థం. పైగా అది ఆపరేషన్ రోజు నాటి అంకె. ఏ ఇబ్బందీ లేకుండా మూడేళ్లు గడిచిన మనిషికి ఆ పాత 15 శాతం వర్తించదు, ముప్పులో చాలా భాగం వెనకబడిపోయి ఉంటుంది. చెకప్‌కి వచ్చిన ప్రతిసారీ కొత్త అంకె చెప్పడం అలవాటైతే ఎన్నో కుటుంబాలకు మనశ్శాంతి దొరుకుతుంది.

వయసు, గ్రంథుల సంఖ్య, గడ్డ లోతు లాంటివి నింపితే శాతం చెప్పే కాలిక్యులేటర్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్ రూపొందించినది వాటిలో బాగా పేరున్నది. ఇలాంటివి ఎంత బాగా పనిచేస్తాయో రెండు రకాలుగా తూచాలి. ఇద్దరు రోగుల్లో ఎవరికి ముప్పు ఎక్కువో సరిగ్గా చెబుతుందా అన్నది ఒకటి. చెప్పిన శాతం నిజంగా జరిగినదానితో సరిపోతుందా అన్నది రెండోది. ప్రచారంలో వినిపించేది ఎక్కువగా మొదటిదే. రోగికి అవసరమైనది రెండోది.

రెండోదానిలో తేడా ఎంత రావచ్చో డెన్మార్క్ అంకెలు చూపిస్తాయి. ఆ దేశంలో ఆపరేషన్ చేయించుకున్న ప్రతి పేగు క్యాన్సర్ రోగి వివరం జాతీయ రిజిస్టర్లలో ఉంటుంది. 2004 నుంచి 2008 మధ్య ఆపరేషన్ అయిన స్టేజ్ 3 పెద్దపేగు క్యాన్సర్ వాళ్లలో ఐదేళ్లలో తిరగబెట్టింది సుమారు 35 శాతం మందికి. 2014 నుంచి 2019 మధ్య ఆపరేషన్ అయినవాళ్లలో అది సుమారు 25 శాతానికి దిగింది. స్టేజ్ 2లో 22 శాతం నుంచి 12 శాతం లోపుకు, స్టేజ్ 1లో 16 నుంచి 7 శాతం లోపుకు పడింది. ఆపరేషన్ పద్ధతులు మెరుగయ్యాయి, స్కాన్లు స్పష్టమయ్యాయి, స్క్రీనింగ్ మొదలైంది. మొదటి కాలపు రోగుల మీద తయారైన కాలిక్యులేటర్‌ని రెండో కాలపు రోగికి వాడితే ముప్పును ఎక్కువ చేసి, స్టేజ్ 1, 2లలోనైతే దాదాపు రెట్టింపు చేసి చూపిస్తుంది. ఆ అంకెకు భయపడి అక్కర్లేని కీమోకి ఒప్పుకునేవాళ్లు ఉంటారు.

కాలం మారితేనే ఇంత తేడా వస్తే, దేశం మారినప్పుడు ఇంకా జాగ్రత్త పడాలి. ముంబై టాటా మెమోరియల్ లాంటి పెద్ద ఆసుపత్రుల అనుభవంలో మన దేశపు రోగులు పాశ్చాత్య దేశాల రోగులకన్నా వయసులో చిన్నవాళ్లు. మలాశయ క్యాన్సర్ల వాటా మన దగ్గర ఎక్కువ. సిగ్నెట్ రింగ్ అనే మొండి రకం కూడా ఇక్కడే ఎక్కువగా కనిపిస్తోంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో నలభై ఐదేళ్ల మనిషికి, అమెరికాలో డెబ్బై ఏళ్ల వాళ్ల వివరాలతో కట్టిన లెక్కను సరిచూడకుండా వర్తింపజేయకూడదు. మన ఆసుపత్రులు రోగులను ఐదేళ్ల పాటు వదలకుండా గమనించి సొంత లెక్కలు కట్టుకోవాలి. చాలామంది రెండు చెకప్‌ల తర్వాత మళ్లీ కనిపించరు. ప్రయాణ ఖర్చు, పోయిన కూలి, "బాగానే ఉన్నాం కదా" అన్న ధీమా, అన్నీ కారణాలే.

అంచనా తలకిందులైన చోటు

ముప్పు వేరు, మందు ఫలితం వేరు అన్న విషయం అందరికన్నా స్పష్టంగా చూపించినది ఎంఎంఆర్ పరీక్ష. కణం విభజన చెందేటప్పుడు డీఎన్‌ఏ నకలులో దొర్లే తప్పులను దిద్దే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే నాలుగింటిని గడ్డ ముక్క మీద రంగు వేసి చూస్తారు. వీటిలో ఏదైనా లేకపోతే ఆ గడ్డలో తప్పులు పేరుకుపోతాయి. తప్పులు పేరుకున్న గడ్డ మరింత ప్రమాదకరం అనిపిస్తుంది. స్టేజ్ 2లో జరిగేది దానికి వ్యతిరేకం. ఆ తప్పుల వల్ల పుట్టే వింత ప్రోటీన్లను రోగనిరోధక కణాలు పరాయివిగా గుర్తుపట్టి ముట్టడిస్తాయి. కాబట్టి ఇలాంటి గడ్డ తిరగబెట్టే ముప్పు తక్కువ.

ఇంకో విశేషం 2003లో బయటపడింది. కీమో ట్రయల్స్‌లో పాల్గొన్న 570 మంది గడ్డలను పరీక్షిస్తే 95 మందిలో ఈ లోపం కనిపించింది. ఆ 95 మందిలో ఫ్లోరోయురాసిల్ కీమో తీసుకున్నవాళ్లకు లాభం కనిపించలేదు. అందుకే ఈ లోపం ఉన్న స్టేజ్ 2 రోగికి ఆ మందు ఒక్కటే ఇవ్వడం మానుకోవాలన్నది ఇప్పుడు స్థిరపడిన మాట. స్టేజ్ 3లో కథ ఇంకో మలుపు తిరిగింది. ఇదే లోపం ఉన్న రోగులకు మామూలు కీమోతో పాటు అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (రోగనిరోధక కణాలను క్యాన్సర్ మీదికి ఉసిగొలిపే మందు) ఇస్తే, మూడేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్ల సంఖ్య నూటికి సుమారు పది పెరిగిందని 2025లో అటామిక్ ట్రయల్ చెప్పింది. ఒకే పరీక్ష ఒకచోట ముప్పు తక్కువని, ఒకచోట ఈ మందు వద్దని, మరోచోట ఆ మందు కావాలని చెబుతోంది.

ఈ పరీక్ష ఇంట్లోవాళ్లకు కూడా అవసరం. ఈ లోపం కొందరిలో లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు వల్ల వస్తుంది. అదే తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు ముందుగా జన్యు పరీక్ష చేయించుకుని, అవసరమైనవాళ్లు కొలనోస్కోపీ మొదలుపెట్టి, క్యాన్సర్ రాకుండానే కాపాడుకోవచ్చు. ఎంఎల్‌హెచ్1 కనబడకపోవడం మాత్రం చాలామందిలో వయసుతో వచ్చే మార్పే, వంశపారంపర్యం కాదు. దాన్ని తేల్చడానికి వేరే పరీక్ష ఉంటుంది.

గడ్డలోని జన్యువుల చురుకుదనాన్ని కొలిచి స్కోరు ఇచ్చే పరీక్షలు కూడా ఉన్నాయి. ఆంకోటైప్ డీఎక్స్ కోలన్ 12 జన్యువులను చూస్తుంది. ముప్పు ఎక్కువ తక్కువలను అది చెబుతుంది, కీమోతో ఎవరికి లాభమో చెప్పలేకపోయింది. పారిస్‌లో జెరోమ్ గలాన్ బృందం రూపొందించిన ఇమ్యునోస్కోర్ గడ్డ నడిమధ్యలో, అంచున సీడీ3, సీడీ8 అనే రోగనిరోధక కణాలు ఎన్ని చేరాయో లెక్కిస్తుంది. 2018లో 2,681 మంది గడ్డల మీద జరిగిన అంతర్జాతీయ పరిశీలనలో అది బాగానే నిలిచింది. 2020లో ఓస్లో పరిశోధకులు మామూలు పాథాలజీ స్లైడ్లను కంప్యూటర్‌కు చూపించి ముప్పు చెప్పించారు. ప్రతి ఆసుపత్రిలో ఎలాగూ తయారయ్యే స్లైడ్లే కాబట్టి మనలాంటి దేశాలకు ఈ దారిలో ఆశ ఎక్కువ.

రక్తంలో మిగిలిన జాడ

ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నది సీటీడీఎన్‌ఏ పరీక్ష గురించి. కణాలు చనిపోయినప్పుడు వాటి డీఎన్‌ఏ తునకలు రక్తంలో కలుస్తాయి. క్యాన్సర్ కణాల తునకల్లో గడ్డకే ప్రత్యేకమైన మార్పులుంటాయి. ఆ తునకలు రక్తంలో కొన్ని గంటలకు మించి నిలవవు. గడ్డ తీసేసిన కొన్ని వారాల తర్వాత కూడా అవి కనిపిస్తున్నాయంటే ఒంట్లో ఎక్కడో వాటిని వదులుతున్న కణాలు ఉన్నట్టే. మిగతా అంచనాలన్నీ తీసేసిన గడ్డను చూసి వేసేవి. ఇది ఒంట్లో మిగిలినదాన్ని నేరుగా వెతుకుతుంది. ఆపరేషన్ గాయం వల్ల మామూలు డీఎన్‌ఏ కూడా రక్తంలో బాగా పెరుగుతుంది కాబట్టి, ఈ జాడ అందులో కలిసిపోకుండా ఉండటానికి సాధారణంగా నాలుగు వారాలు ఆగి రక్తం తీస్తారు.

మెల్‌బోర్న్‌కు చెందిన జీన్ టై బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ పరీక్ష బలాన్ని, లోపాన్ని ఒకేసారి చూపిస్తుంది. కీమో తీసుకోని 178 మంది స్టేజ్ 2 రోగుల్లో 14 మందికి పరీక్ష పాజిటివ్ వచ్చింది. వాళ్లలో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. నెగటివ్ వచ్చిన 164 మందిలో 16 మందికి తిరగబెట్టింది. పాజిటివ్ వస్తే దాదాపు ఐదుగురిలో నలుగురికి జబ్బు వచ్చింది. క్యాన్సర్ వైద్యంలో ముందస్తు పరీక్షలకు ఇంత గట్టి సూచన అరుదు. అయితే మొత్తం 27 మందికి జబ్బు తిరిగి వస్తే పరీక్ష ముందే పట్టింది 11 మందినే. మిగతా 16 మంది నెగటివ్ రిపోర్టు చేతిలో పెట్టుకునే జబ్బు పడ్డారు. పొట్ట లోపలి పొర మీద, ఊపిరితిత్తుల్లో చిన్నగా పెరిగే జబ్బు రక్తంలోకి డీఎన్‌ఏను తక్కువగా వదులుతుంది. దాన్ని పట్టడం కష్టం. నెగటివ్ వస్తే ముప్పు తగ్గిందని అర్థం, పోయిందని కాదు. ఆ తేడాను రోగికి తీరిగ్గా కూర్చుని చెప్పాలి.

అదే బృందం తర్వాత డైనమిక్ ట్రయల్ నడిపింది. 455 మంది స్టేజ్ 2 రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు డాక్టర్లు మామూలు పద్ధతిలో, పాథాలజీ లక్షణాలు చూసి కీమో నిర్ణయించారు. రెండో జట్టుకు నాలుగో వారం, ఏడో వారం తీసిన రక్తంలో జాడ ఉంటేనే కీమో ఇచ్చారు. మొదటి జట్టులో 28 శాతం మంది కీమో తీసుకుంటే, రెండో జట్టులో 15 శాతమే. రెండేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు మొదటి జట్టులో 92.4 శాతం, రెండో జట్టులో 93.5 శాతం. 2022లో వచ్చిన ఈ ఫలితం అర్థం సూటిగా ఉంది: కీమో తీసుకునేవాళ్ల సంఖ్యను దాదాపు సగానికి తగ్గించినా నష్టం జరగలేదు.

ఇక్కడిదాకా విన్నవాళ్లకు సహజంగా వచ్చే ఆలోచన, పాజిటివ్ వచ్చినవాళ్లకు ఇంకా గట్టి మందు ఇస్తే సరిపోతుంది కదా అని. ఆ ఆశ ఇంకా నెరవేరలేదు. స్టేజ్ 3లో పాజిటివ్ వచ్చినవాళ్లకు కీమోను తీవ్రం చేసి చూసిన డైనమిక్-3 ట్రయల్‌లో అదనపు లాభం కనిపించలేదు. జపాన్‌లో పాజిటివ్ రోగులకు ట్రైఫ్లూరిడిన్, టిపిరాసిల్ మందు ఇచ్చిన ఆల్టెయిర్ ట్రయల్ కూడా లక్ష్యం చేరలేదు. ముప్పును ఇంత కచ్చితంగా చెప్పే పరీక్ష చేతిలో ఉన్నా, ఆ ముప్పును తగ్గించే మందు చేతిలో లేకపోతే రోగికి మిగిలేది భయం. డబ్బు కట్టి ఈ పరీక్ష చేయించుకునే ముందు, పాజిటివ్ వస్తే ఏం చేస్తారు, నెగటివ్ వస్తే ఏం చేస్తారు అని డాక్టర్‌ని అడగాలి. రెండింటికీ ఒకే జవాబు వస్తే, ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

ముప్పు అంచనా నిజంగా చికిత్సను మార్చిన చోటు కూడా ఉంది, దానికి కొత్త పరీక్ష ఏదీ అక్కర్లేకపోయింది. ఆక్సాలిప్లాటిన్ కలిసిన కీమో స్టేజ్ 3లో ఆరు నెలలు ఇచ్చేవారు. ఆ మందు నరాలను దెబ్బతీస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా పట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి, కొందరికి అరికాళ్ల తిమ్మిరి ఏళ్ల తరబడి పోదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమయ్యేవాళ్లు ఉంటారు. ఆరు ట్రయల్స్‌లోని 12,834 మందిని కలిపి చూసిన ఐడియా విశ్లేషణ 2018లో వచ్చింది. గడ్డ టీ4 కాకుండా, మూడు లేదా అంతకన్నా తక్కువ గ్రంథులకే పాకినవాళ్లకు ఆక్సాలిప్లాటిన్‌ను కేపెసైటాబిన్ అనే కీమో మాత్రతో కలిపి మూడు నెలలు ఇస్తే చాలునని తేలింది. టీ4 లేదా నాలుగు అంతకన్నా ఎక్కువ గ్రంథులు ఉన్నవాళ్లకు ఇప్పటికీ ఆరు నెలల వైపే మొగ్గు. పాథాలజిస్టు వేళ్లతో ఏరిన గ్రంథుల లెక్క ఒక మనిషికి మూడు నెలల మందును, ఏళ్ల తరబడి వేధించే తిమ్మిరిని తప్పించింది.

మందు ఎవరికి పనిచేస్తుందో చెప్పే గుర్తు దొరికితే ఎలా ఉంటుందో స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లాండ్‌లలో జరిగిన అలాస్కా ట్రయల్ చూపించింది. పీఐకే3సీఏ అనే జన్యువులో నిర్దిష్ట మార్పు ఉన్న రోగులకు రోజుకి 160 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ మూడేళ్లు ఇచ్చారు. మూడేళ్లకు తిరగబెట్టింది ఆస్ప్రిన్ తీసుకున్నవాళ్లలో 7.7 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 14.1 శాతం మందికి. ఇదే తరహా జన్యుమార్పులు పరీక్షించినవాళ్లలో మూడో వంతుకు పైగా మందిలో కనిపించాయి. జన్యువుతో సంబంధం లేకుండా అందరికీ ఆస్ప్రిన్ ఇచ్చిన ఆస్కాల్ట్ ట్రయల్‌లో మాత్రం గట్టి లాభం కనిపించలేదు. మెడికల్ షాపులో దొరికే చవక మాత్ర కదా అని ఎవరికి వారు మొదలుపెట్టకూడదు. అది కడుపులో రక్తస్రావం చేయగలదు. ముందు జన్యు పరీక్ష, తర్వాత డాక్టర్ మాట.

వ్యాయామం సంగతి కూడా ఇప్పుడు సలహా స్థాయి దాటింది. 889 మందితో నడిచిన ఛాలెంజ్ ట్రయల్‌లో, కీమో ముగిశాక మూడేళ్లు శిక్షకుల పర్యవేక్షణలో వ్యాయామం చేసినవాళ్లలో ఐదేళ్లకు జబ్బు లేనివాళ్లు 80.3 శాతం, ఆరోగ్య సమాచారం పుస్తకాలు మాత్రమే అందుకున్నవాళ్లలో 73.9 శాతం. వారానికి మూడు నాలుగు సార్లు ముప్పావు గంట నుంచి గంట వడివడిగా నడిస్తే ఆ మోతాదుకు చేరవచ్చు. కొన్ని మందులు ఇచ్చే లాభం కన్నా ఇది తక్కువేమీ కాదు. క్రమం తప్పకుండా చేయించే మనిషి తోడుండటం వల్లే అది సాధ్యమైందని మాత్రం గుర్తుంచుకోవాలి.

చెకప్‌లు, కాగితాలు, వారాలు

సీఈఏ అనే రక్తపరీక్షను 1965లో మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ కనుగొన్న, పేగు క్యాన్సర్ ఉన్న చాలామంది రక్తంలో పెరిగే పదార్థం ఆధారంగా చేస్తారు. పాతదే అయినా, చవకైనదీ, మన జిల్లా కేంద్రాల ల్యాబుల్లో కూడా దొరికేదీ అదే. పొగతాగేవాళ్లలో కొద్దిగా ఎక్కువ ఉండవచ్చు. ఒక్క అంకె చూసి బెంబేలు పడకుండా వరుస పరీక్షల్లో పెరుగుతోందా అన్నది చూడాలి. బ్రిటన్‌లో 1,202 మందితో జరిగిన ఫాక్స్ ట్రయల్‌లో, సీఈఏ గానీ సీటీ స్కాన్ గానీ క్రమంగా చేసినవాళ్లలో తిరగబెట్టిన జబ్బును మళ్లీ ఆపరేషన్‌తో పూర్తిగా తీసే అవకాశం 7, 8 శాతం మందికి దక్కింది. లక్షణాలు వస్తేనే చూసినవాళ్లలో అది 2.3 శాతం. కాలేయంలో ఒకటి రెండు మచ్చలుగా ఉన్నప్పుడే దొరికితే నయం చేయగలిగిన సందర్భాలు ఉన్నాయి. ఎవరికి ఎన్ని చెకప్‌లు అన్నది కూడా ముప్పు అంచనాను బట్టే సాగాలి.

ఇంకో లెక్క కాలానిది. పది అధ్యయనాల్లోని 15,410 మంది రోగుల సమాచారాన్ని 2011లో కలిపి చూస్తే, ఆపరేషన్ తర్వాత కీమో మొదలుపెట్టడం ప్రతి నాలుగు వారాలు ఆలస్యమైనకొద్దీ మరణం ముప్పు సుమారు 14 శాతం చొప్పున పెరిగింది. కాబట్టి ఏదో ఒక పరీక్ష ఫలితం కోసం కీమో తేదీని వెనక్కి జరుపుకుంటూ పోతే, ఆ పరీక్ష తెచ్చే లాభం కన్నా ఆలస్యం తెచ్చే నష్టమే ఎక్కువ కావచ్చు. స్టేజ్ 3 రోగికి కీమో ఎలాగూ అవసరం. సీటీడీఎన్‌ఏ రిపోర్టు రాలేదని ఆగాల్సిన పని లేదు.

ఆపరేషన్ ఒక ఊళ్లో, కీమో ఇంకో ఊళ్లో జరగడం తెలుగు రాష్ట్రాల్లో మామూలు. ఆ మార్పులో వారాలు పోవడానికి ఎక్కువగా కారణమయ్యేది మైనం బ్లాకులు. గడ్డ ముక్కలను మైనంలో బిగించిన చిన్న దిమ్మలవి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పాథాలజీ విభాగంలోనే ఉండిపోతాయి. ఎంఎంఆర్ పరీక్షకు అవే కావాలి, పీఐకే3సీఏకీ అవే, గడ్డను బట్టి చేసే సీటీడీఎన్‌ఏ పరీక్షకూ అవే. రోగి గానీ కుటుంబం గానీ దరఖాస్తు రాసి ఇస్తే బ్లాకులు, స్లైడ్లు తీసుకోవచ్చు. ఆంకాలజిస్టు అడిగే దాకా ఆగకుండా డిశ్చార్జి రోజునే ఆ దరఖాస్తు పెట్టి, రిపోర్టులో ఎన్ని గ్రంథులు చూశారో, టీ ఎంతో, ఎంఎంఆర్ చేశారో లేదో చూసుకుంటే, మొదటి ఓపీ రోజునే చికిత్స గురించి మాట్లాడుకోవచ్చు.